గోండ్వానా మన పేరే, మరి నేల ఎవరిది?

బ్రెజిల్‌లో గానీ, దక్షిణాఫ్రికాలో గానీ, ఆస్ట్రేలియాలో గానీ రాళ్ల గురించి చదువుకునే విద్యార్థి మొదటి సంవత్సరంలోనే ఒక ఆదివాసీ పేరు నేర్చుకుంటాడు. ఆ పేరు ఎవరిదో చాలామందికి తెలియదు. ఆదిలాబాద్ ఎక్కడుందో, చాందా కోట ఎక్కడుందో వాళ్లు విని ఉండరు. అయినా పరీక్షలో రాస్తారు: కోట్ల సంవత్సరాల క్రితం దక్షిణార్ధగోళంలో ఒక మహాఖండం ఉండేది, దాని పేరు గోండ్వానా.

మన పేరు ప్రపంచమంతా తిరుగుతోంది. మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? తెలిసినవాళ్లు దాన్ని ఎలా అర్థం చేసుకుంటున్నారు? ఈ రెండు ప్రశ్నల వెనుక ఇంకా పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. నేల మీద హక్కు ఎక్కడి నుంచి వస్తుంది? ముందు వచ్చినందుకా? ఎక్కువ కాలం ఉన్నందుకా? కాగితం ఉన్నందుకా? ఖండాలే విడిపోయి, కదిలి, వేరే చోట అతుక్కున్న కథ తెలిసిన తర్వాత "ఈ నేల మాది" అనే మాటకు అర్థం మిగులుతుందా? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి.

పేరు ఎలా వెళ్లింది

ముందు పేరు సంగతి చూద్దాం. మధ్య భారతంలో గోండు రాజులు ఏలిన ప్రాంతాన్ని గోండ్వానా అనేవారు. గఢా మండ్లా, దేవగఢ్, ఖేర్లా, చాందా ఆ రాజ్యాలు. 1872లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో పనిచేసే హెచ్.బి. మెడ్లికాట్ అనే అధికారి ఆ ప్రాంతపు బొగ్గు పొరలున్న రాళ్లకు ఒక పేరు కావలసి వచ్చి గోండ్వానా అని రాసుకున్నాడు. అదే శాఖలో శిలాజాలు పరిశీలించే ఫైస్ట్‌మాంటెల్ 1876లో ఆ మాటను అచ్చులోకి తెచ్చాడు. 1885లో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సూస్ ఇంకో అడుగు వేశాడు. భారతదేశంలో, ఆఫ్రికాలో ఒకే రకం రాళ్లు, ఒకే రకం ఆకు అచ్చులు కనిపిస్తున్నాయి కాబట్టి ఇవన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవని చెప్పి ఆ పెద్ద భూభాగానికి గోండ్వానాలాండ్ అని పేరు పెట్టాడు.

ఇలాంటిదే ఇంకో పేరు ఉంది. తూర్పు కనుమల్లో ఎర్రగా, గింజలు గింజలుగా కనిపించే ఒక రాయిని ఖోండలైట్ అంటారు. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒడిశాలోని కోందుల పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు. అరకు, అనంతగిరి కొండల్లో ఉన్నది ఆ రాయే. బాక్సైట్ కోసం ఎంతోమంది కన్నేసిన కొండలు కూడా ఆ రాతి మీద ఏర్పడ్డవే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. గోండులు తమను తాము కోయితూర్ అని చెప్పుకుంటారు. గోండు అనేది బయటివాళ్లు పిలిచిన పేరు. ఆ పేరును అధికారులు రాతికి పెట్టారు, రాతి నుంచి మహాఖండానికి పాకింది. ఈ దారిలో ఎక్కడా ఎవరూ కోయితూర్లను అడగలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 29 లక్షల 84 వేల మంది. ఇంతమంది మాట్లాడే భాషకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. పేరుకు ప్రపంచమంతా చోటు దొరికింది, పేరు గలవాళ్ల మాటకు దొరకలేదు.

భూమి నడిచిన కథ

ఇప్పుడు ఆ పాత నేల కథ. సుమారు 60 కోట్ల నుంచి 53 కోట్ల సంవత్సరాల క్రితం మధ్య కాలంలో నేటి దక్షిణ అమెరికా, ఆఫ్రికా, మడగాస్కర్, భారతదేశం, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒక్కటిగా కూడాయి. అదే గోండ్వానా. తర్వాత అది ఉత్తరాన ఉన్న భూభాగాలతో కూడా కలిసి, సుమారు 33 కోట్ల ఏళ్ల క్రితం పాంజియా అనే ఇంకా పెద్ద మహాఖండంలో భాగమైంది.

సుమారు 30 కోట్ల ఏళ్ల క్రితం మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరలో ఉంది. దాని మీద మంచు పలకలు కదిలేవి. ఇది ఊహ కాదు. మంచు ఈడ్చుకొచ్చిన బండరాళ్లు ఒడిశాలోని తాల్చేరు దగ్గర మట్టిలో కూరుకుని ఉన్నాయి. చాందా దగ్గర ఈరాయి నది ప్రాంతంలో మంచు గీకిన చారలు రాతి మీద ఇప్పటికీ ఉన్నాయి. వేసవిలో కాళ్లు కాలే ఆ నేల మీద ఒకప్పుడు మంచు పేరుకుని ఉండేది.

మంచు కరిగాక అడవి వచ్చింది. ఆ అడవిలో ముఖ్యమైన చెట్టు పేరు గ్లోసోప్టెరిస్. దాని ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది. గ్రీకు భాషలో గ్లోసా అంటే నాలుక, మాట్లాడే భాషకు కూడా అదే పదం. చిత్తడి నేలల్లో ఆ చెట్లు పడి, కుళ్లీ కుళ్లక పొరలు పొరలుగా పేరుకున్నాయి. పైన ఇసుక, బురద పడ్డాయి. కోట్ల ఏళ్ల బరువు కింద అవి బొగ్గు అయ్యాయి. ఇల్లందు, కొత్తగూడెం, మంచిర్యాల, బెల్లంపల్లి వైపు నేల కింద ఉన్నది ఆ అడవే.

బొగ్గు అక్కడే ఎందుకు పేరుకుంది? ప్రాణహిత, గోదావరి పారే లోయ మామూలు లోయ కాదు. నేల సాగి, పగులు తీసి, మధ్య భాగం కిందికి కుంగిన చోటు అది. భూమి అక్కడ విడిపోబోయి, విడిపోకుండా ఆగింది. కుంగిన చోట నీరు చేరింది, మట్టి చేరింది, అడవి పూడుకుపోయింది. అదే లోయలో తర్వాతి కాలపు జంతువులు కూడా దొరికాయి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర ఒక పెద్ద శాకాహారి రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. దాన్ని కోటాసారస్ అంటారు. అది సుమారు 18 కోట్ల ఏళ్ల నాటిది. దాని అస్థిపంజరం హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది.

ఆ జంతువులు తిరుగుతున్న రోజుల్లోనే గోండ్వానా చీలడం మొదలైంది. భూమి లోపలి వేడి పైన ఉన్న పలకలను కదిలిస్తుంది. పలక సాగుతుంది, పగులుతుంది, ఆ పగులులోంచి లావా పైకి వస్తుంది, పగులు వెడల్పవుతూ సముద్రం అవుతుంది. ముందు ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఉన్న పడమటి భాగం, భారత్, అంటార్కిటికా, ఆస్ట్రేలియా ఉన్న తూర్పు భాగం వేరుపడ్డాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం మన నేల అంటార్కిటికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి విడిపోయింది. మన తూర్పు కనుమల రాళ్లకు జత రాళ్లు ఈనాటికీ తూర్పు అంటార్కిటికాలో ఉన్నాయి. సుమారు 9 కోట్ల ఏళ్ల క్రితం మడగాస్కర్ కూడా మనల్ని విడిచింది. ఆ తర్వాత భారత భూఖండం ఒంటరిగా ఉత్తరానికి సాగింది. కొంతకాలం ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా కదిలింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పడమట లావా పొంగి దక్కను నల్లరాయి పరుచుకుంది. సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం ఆసియాను ఢీకొట్టింది. హిమాలయాలు ఆ ఢీకొన్న చోట లేచినవే. మన నేల ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరం వైపు జరుగుతూనే ఉంది, ఇంచుమించు చేతి గోరు పెరిగేంత మెల్లగా.

ఈ మాటను ప్రపంచం వెంటనే నమ్మలేదు. 1912లో జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఖండాలు కదులుతాయని చెప్పాడు. ఆయన వాతావరణ శాస్త్రవేత్త. మా శాస్త్రంలోకి ఎందుకొచ్చావని భూగర్భ శాస్త్రవేత్తలు చాలామంది ఎగతాళి చేశారు. ఆయన 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు. ఆయన చెప్పినదానికి దక్షిణాఫ్రికా నుంచి అలెగ్జాండర్ డు టాయిట్ ఆధారాలు పోగుచేశాడు. 1950లలో మేరీ థార్ప్ అనే మహిళ అట్లాంటిక్ సముద్రపు అడుగు పటం గీస్తూ, మధ్యలో పొడవైన చీలిక ఉందని గుర్తించింది. 1960ల చివరికి గానీ శాస్త్రలోకం ఒప్పుకోలేదు.

వెగెనర్ తన మాట చెప్పిన 1912లోనే దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ బ్రిటిష్ నావికుడు స్కాట్, ఆయన తోటివాళ్లు ఆకలితో, చలితో చనిపోయారు. నడవలేని స్థితిలో కూడా వాళ్లు సుమారు 16 కిలోల రాళ్లను బండి మీద లాగారు. ఆ రాళ్లలో ఉన్నది గ్లోసోప్టెరిస్ ఆకు. మన బొగ్గులో ఉన్న ఆకే, మంచు ఖండంలో కూడా ఉంది.

రెండు తప్పు దారులు

ఈ కథ విన్నవాళ్లు రెండు రకాలుగా తప్పుదారి పట్టే అవకాశం ఉంది. రెండూ మన చుట్టూ వినబడుతూనే ఉన్నాయి.

మొదటిది గర్వపు దారి. "గోండ్వానా అంటే గోండుల ఖండం, కాబట్టి ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఒకప్పుడు మనదే రాజ్యం" అనే మాట యువకుల నోట వస్తుంటుంది. బాధ నుంచి పుట్టిన మాట అది. శతాబ్దాలుగా తక్కువ చేసి చూసిన లోకానికి సమాధానం చెప్పాలన్న ఆరాటం అందులో ఉంది. కానీ అది నిజం కాదు. గోండ్వానా చీలిపోయిన నాటికి మనిషి అనేవాడే లేడు. మన జాతి మనిషి భూమి మీద పుట్టి సుమారు 3 లక్షల ఏళ్లు. మహాఖండం పేరు ఒక ఆఫీసు కాగితం మీద పుట్టి 150 ఏళ్లు దాటింది, అంతే. అబద్ధం మీద కట్టిన గర్వాన్ని ఎదుటివాడు ఒక్క ప్రశ్నతో పడగొడతాడు. అది పడినప్పుడు పక్కనున్న నిజాలను కూడా తోసుకుంటూ పడుతుంది. చాందా కోట నిజం, జోడేఘాట్ నిజం, ప్రధాన్లు కికిరి వాయిస్తూ చెప్పే సగల కథల వెనుక ఉన్న జ్ఞాపకం నిజం. వాటికి 18 కోట్ల ఏళ్ల అరువు వయసు అవసరం లేదు.

రెండోది దీనికి సరిగ్గా ఎదురు దారి, ఇంకా ప్రమాదకరమైనది. "నేలే కదిలి వచ్చింది, మనుషులందరూ ఆఫ్రికా నుంచి వలస వచ్చినవాళ్లే. ఇక ఆదివాసి ఎవరు, బయటివాడు ఎవరు? భూమి ఎవరిదీ కాదు" అని కొందరు చదువుకున్నవాళ్లు అంటారు. వినడానికి ఇది వేదాంతంలా ఉంటుంది. ఎవరికైనా తల ఊపాలనిపిస్తుంది.

కానీ ఈ మాట ఎవరితో అంటున్నారో చూడండి. భూమి ఎవరిదీ కాదని గని యజమానితో ఎవరైనా అంటున్నారా? పట్నంలో ప్లాటు కొన్నవాడితో అంటున్నారా? వాళ్ల కంచె దగ్గర ఈ వేదాంతం ఆగిపోతుంది. పట్టా లేనివాడి దగ్గరే మళ్లీ మొదలవుతుంది. అందరికీ ఒకేలా వర్తించని వేదాంతాన్ని వేదాంతం అనకూడదు, బేరం అనాలి.

అడుగులతో కొలిస్తే

ఈ రెండు దారుల్లోనూ ఒకటే పొరపాటు ఉంది. భూమి కాలాన్నీ మనిషి కాలాన్నీ ఒకే కొలతతో కొలవడం. ఈ తేడా పిల్లలకు మాటలతో చెబితే అర్థం కాదు. నడిపిస్తే అర్థమవుతుంది. కేస్లాపూర్ నాగోబా పూజకు గోదావరి జలం తేవడానికి మెస్రం వంశస్థులు ఎంత దూరమైనా కాలినడకన వెళ్లి వస్తారు. దూరాన్ని అడుగులతో కొలవడం మనకు కొత్త కాదు.

ఒక్క అడుగు అంటే వెయ్యి సంవత్సరాలు అనుకుందాం. ఈ రోజు నుంచి వెనక్కి నడుస్తూ పోదాం. బొగ్గు అడవి పచ్చగా ఉన్న కాలానికి వెళ్లాలంటే 2 లక్షల 70 వేల అడుగులు వేయాలి, అంటే సుమారు 190 కిలోమీటర్లు, ఆరు రోజులకు పైగా నడక. గోండ్వానా చీలడం మొదలైన చోటుకు నాలుగు రోజుల నడక. మన నేల ఆసియాను ఢీకొన్న చోటుకు ఒక పగలంతా నడవాలి. మరి మనిషి పుట్టిన చోటు? 300 అడుగులు. గూడెం ఈ చివరి నుంచి ఆ చివరికి పోయినంత. మనుషులు ఈ దేశానికి వచ్చింది సుమారు 65 అడుగుల దూరంలో, బడి ఆవరణ దాటేలోపే. గోండు రాజ్యాలు ఒక్క అడుగు కూడా కాదు.

2006 అటవీ హక్కుల చట్టం ఒక లెక్క పెట్టింది. షెడ్యూల్డు తెగల వాళ్లు 2005 డిసెంబర్ 13 నాటికి ఆ అడవి భూమి మీద ఉన్నట్టు చూపాలి. అడవి మీద ఆధారపడిన ఇతరులు అయితే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు ఉన్నట్టు చూపాలి. మన కొలతలో 75 ఏళ్లు అంటే మూడు వేళ్ల వెడల్పు.

ఆరు రోజుల నడక ముందు మూడు వేళ్ల వెడల్పు ఎంత? ఏమీ కాదు అనిపిస్తుంది. కానీ మనిషి పుట్టేది, ఆకలి పడేది, పిల్లల్ని కనేది, పూడ్చిపెట్టేది ఆ మూడు వేళ్ల వెడల్పులోనే. అన్యాయం జరిగేదీ అక్కడే. ఒకడి ఇంటి కప్పు పీకేసి, "కోట్ల ఏళ్ల లెక్కలో నీ ఇల్లు ఎంత?" అంటే అది జవాబు కాదు. కొండంత కాలం ఉందని చెప్పి రోజు కూలి ఎగ్గొట్టకూడదు కదా. భూమి కాలం పెద్దది కాబట్టి మనిషి హక్కు చిన్నది అనే వాదం ఇలాంటిదే. ఆ పెద్ద కాలంలో హక్కులూ లేవు, బాధ్యతలూ లేవు, ఎందుకంటే అక్కడ మనిషి లేడు. మనిషి ఉన్న చోటనే ఈ మాటలకు అర్థం.

అయితే హక్కు ఎక్కడి నుంచి

హక్కు వయసు నుంచి రాకపోతే ఎక్కడి నుంచి వస్తుంది? నా జవాబు ఇది. ఒక నేల ఏం ఇస్తుందో, ఎంతవరకు ఇస్తుందో తెలుసుకుని, దాని మీద బతికి, అది చెడిపోతే దాని ఫలితం ముందుగా అనుభవించేవాళ్లకు ఆ నేల గురించి మాట్లాడే మొదటి హక్కు ఉంటుంది. ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందో, ఏ ఊట వేసవిలో ఎండదో, ఏ చెట్టు కొట్టకూడదో తెలిసినవాళ్లు వాళ్లు. వాగు ఎండితే బిందె పట్టుకుని మైళ్లు నడిచేది వాళ్లు. కొండ తవ్వితే దుమ్ము పడేది వాళ్ల గుడిసె మీద. లాభం వేరేచోటికి పోయి నష్టం ఇక్కడ మిగిలే పనిని, నష్టం మోసేవాళ్లను అడగకుండా చేయకూడదు. ఇది మామూలు ధర్మం. దీనికి ప్రాచీనతతో పనిలేదు.

కొమురం భీం ఇచ్చిన పిలుపు జల్, జంగల్, జమీన్. ఆ మూడు మాటల్లో "మేం ముందొచ్చాం" అన్న మాట లేదు. నీళ్లు, అడవి, నేల, ఈ మూడింటితో బతుకు ముడిపడి ఉందన్న మాట మాత్రమే ఉంది. 1940లో ఆయన ప్రాణం ఇచ్చింది దానికి.

మన చట్టాలు కూడా మంచి రోజుల్లో ఈ మాటే చెప్పాయి. 1970లో వచ్చిన 1/70 నిబంధన షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకట్ట వేసింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజు ఇవ్వడానికి ప్రభుత్వానికి కూడా హక్కు లేదని చెప్పింది. ఆ కేసు పుట్టింది అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో, కోందుల పేరు పెట్టుకున్న రాతి కొండల మధ్య. రాతికి పేరు పెట్టినవాడు కోందులను అడగలేదు. ఆ రాతిని తవ్వేవాళ్లు ఇష్టం వచ్చినట్టు తవ్వకూడదని 95 ఏళ్ల తర్వాత కోర్టు చెప్పింది.

మనవైపు తిరిగే ప్రశ్న

హక్కు బాధ్యత నుంచి వస్తుందని అంటే, ఆ మాట మనవైపు కూడా తిరుగుతుంది. తప్పించుకోకూడదు.

బయటివాడికి మన పేరు అరువిచ్చి, బినామీగా భూమి దాటించే పని మనలో కొందరు చేస్తున్నారు. 1/70 కాగితం మీద అలాగే ఉంటుంది, చేను మాత్రం చేతులు మారిపోతుంది. గోండ్వానా మన పేరని సభలో చెప్పి, సాయంత్రం వేలిముద్ర అమ్ముకుంటే ఆ పేరుకు విలువ ఎవరు ఇస్తారు?

ఇంకో మాట చెప్పడం కష్టం, అయినా చెప్పాలి. "ఎవరు ముందు వచ్చారు, ఎవరు వెనుక వచ్చారు" అనే లెక్క ఇప్పుడు మన తెగల మధ్య కూడా పెరుగుతోంది. రిజర్వేషన్లు, ఉద్యోగాలు, భూములు ఎవరికి ఎంత అందాయన్నది న్యాయమైన ప్రశ్నే. వెనుకబడినవాళ్లు అడగాల్సిందే, లెక్క తేలాల్సిందే. కానీ ఆ లెక్క ఇవాళ ఎవరికి ఏం అందింది, ఎవరికి అందలేదు అన్నదాని మీద తేలాలి. వచ్చిన తేదీ మీద తేల్చడం మొదలుపెడితే దానికి అంతు ఉండదు. 65 అడుగుల దూరంలో అందరూ వచ్చినవాళ్లే. వచ్చిన తేదీని కత్తిగా వాడడం మనం నేర్చుకుంటే, రేపు అదే కత్తి పట్టుకుని మన కంటే బలమైనవాళ్లు మన గూడేలకు వస్తారు.

బొగ్గు సంగతి కూడా అంతే. ఆరు రోజుల నడక దూరంలో తయారైన బొగ్గును మనుషులు ఎంత కాలంలో తవ్వారు? 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు, 1880లలో తవ్వకం మొదలైంది. మన కొలతలో అది ఒక పిడికిలి వెడల్పు. ఆ బొగ్గుతో రైళ్లు నడిచాయి, పట్నాల్లో దీపాలు వెలిగాయి, వేల కుటుంబాలకు జీతాలు వచ్చాయి. దాన్ని కాదనలేం, మనవాళ్లు కూడా ఆ గనుల్లో చెమటోడ్చారు. కానీ పిడికిలి వెడల్పు కాలంలో ఖర్చు పెట్టినదాన్ని మళ్లీ తయారు చేయడానికి భూమికి మళ్లీ అన్ని కోట్ల ఏళ్లు కావాలి. తవ్విన తరం జీతం తీసుకుంది. తవ్వని తరం, ఇంకా పుట్టని తరం గుంతలు, వేడి, ఎండిన ఊటలు తీసుకుంటుంది. వాళ్లకు ఓటు లేదు, గ్రామసభలో చోటు లేదు. వాళ్ల తరఫున ఎవరు మాట్లాడాలి? నేల మీద మొదటి హక్కు మనదని అంటే, పుట్టనివాళ్ల తరఫున మాట్లాడే మొదటి బాధ్యతా మనదే.

విడిపోయినవి చెప్పే మాట

గోండ్వానా ముక్కలైంది. ఆస్ట్రేలియాలో కంగారూలు, మడగాస్కర్‌లో లీమర్లు వేరువేరుగా పెరిగాయి. విడిపోవడం వల్లే ఇన్ని రకాల ప్రాణులు వచ్చాయి. అయినా ఐదు భూభాగాల రాళ్లలోనూ ఆ నాలుక ఆకారపు ఆకు అచ్చు ఒక్కటే. విడిపోయినంత మాత్రాన చుట్టరికం పోలేదు. చూసేవాడు లేక వందల ఏళ్లు ఎవరికీ తెలియలేదు, అంతే.

గోండీ మాట్లాడేవాళ్లూ ఇలాగే పంచబడ్డారు. తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశా. ఒక్కో రాష్ట్రంలో పిల్లలు ఒక్కో బడి భాష నేర్చుకుంటున్నారు. తెలుగు బడిలో చదివిన పిల్లవాడు, మరాఠీ బడిలో చదివిన పిల్లవాడు ఒకరి ఉత్తరం ఒకరు చదవలేరు. కానీ నాయనమ్మ మాట ఇద్దరికీ ఒకటే. మన లోయ పగులు తీసి కూడా విడిపోకుండా ఆగిన నేల అని ఇందాక చెప్పుకున్నాం. రాష్ట్రాల గీతలు మన మధ్య ఎంత లోతుకు దిగాలో నిర్ణయించేది నేల కాదు, మనమే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ఖండాల పాఠం వచ్చిన రోజు పిల్లల్ని బయటికి తీసుకుపోండి. ఒక్క అడుగుకు వెయ్యేళ్లు చెప్పి 300 అడుగులు నడిపించండి. మూడు వేళ్లు పక్కపక్కన పెట్టి 75 ఏళ్లు చూపించండి. గోండ్వానా అనే పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి, ఎవరినీ అడగకుండా పెట్టారని కూడా చెప్పండి. మీ ఊరి వాగులో ఉన్న రాయిని గోండీలో, కోయలో, కువిలో ఏమంటారో పిల్లల్నే అడిగి నల్లబల్ల మీద రాయండి.

యువకులకు ఒక మాట. మరో ఇరవై పాతిక కోట్ల ఏళ్లకు ఖండాలు మళ్లీ ఒక్కటి కావచ్చని శాస్త్రవేత్తలు లెక్క వేస్తున్నారు. ఆ కొత్త నేలకు ఎవరి పేరు పెడతారో, పెట్టేవాళ్లు అసలు ఉంటారో లేదో మనకు అక్కర్లేదు. మన ముందున్నది మన మూడు వేళ్ల కాలం. వచ్చే గ్రామసభలో ఏ కొండ తవ్వాలని, ఏ చెరువు పూడ్చాలని కాగితం వచ్చిందో చదవండి. చదవడం రానివాళ్లకు వాళ్ల భాషలో చెప్పండి. సంతకం పెట్టే ముందు, ఇంకా పుట్టని మనవళ్లు పక్కనే కూర్చుని ఉంటే ఈ కాగితం చూసి ఏమనేవాళ్లో ఒక్కసారి అడగండి.